రెండు చుట్లు

కట్టుడుపళ్ళ ల్యాబు, మేడమీద
సోమవారం, భోజనాల వేళ

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకు, నాకేమీ కాలేదు. ఇంటికి కాకుండా నీ షాపుకు ఎందుకు రాస్తున్నానంటే, ఇంటికి రాస్తే అన్నయ్య చింపి చదువుతాడు, ఫోన్ చేస్తే పక్కన కూర్చుని వింటాడు. ఈ సంగతి తెలిస్తే ముందు నన్ను తిడతాడు, తర్వాత నిన్ను తిడతాడు, ఆఖరికి అమ్మకు చెప్పిగాని ఊరుకోడు.

సంగతేమిటంటే, నేను మళ్ళీ విల్లు పట్టుకోబోతున్నాను.

నవ్వితే నవ్వు. పోయిన వారం భుజం డాక్టరు నా చెయ్యి పైకెత్తించి, వెనక్కి తిప్పించి, "ఆపరేషనై ఆరేళ్ళయింది కదమ్మా, ఇంకా ఈ చేతిని గాజుగ్లాసులా మోసుకు తిరుగుతావేం?" అన్నాడు. తిరిగొస్తుంటే రైలు గేటు పక్క మైదానంలో ఆరేడుగురు వరసగా నిలబడి బాణాలు వేస్తూ కనబడ్డారు. నా స్టాపు రాకుండానే బస్సు దిగిపోయాను. అక్కడ నేర్పేది ఒక రిటైరైన బస్సు డ్రైవరు. "ఎప్పుడైనా పట్టావా?" అని అడిగాడు. "పట్టి పాడుచేశాను" అన్నాను. "అయితే సగం వచ్చినట్టే" అన్నాడు.

నా విల్లు మీ బీరువా మీదే ఉంది కదా, పంపించు. ఇంకో పని కూడా చెయ్యాలి నువ్వు. ఫారం గురించి, అదే నిలబడే తీరూ లాగే తీరూ, మొదటినుంచీ రాసి పంపు. కాగితమైతే అద్దం పక్కన అంటించుకుని రోజూ చూసుకోవచ్చు. ఆ సెలక్షన్ పోటీల్లో నా మోచెయ్యి దిగబట్టే కదా భుజం పోయింది, నాతోపాటు మన జట్టూ మునిగింది. నీకూ అదే ఆఖరి పోటీ అయింది. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోబట్టే నాకు ఇంకా సిగ్గుగా ఉంటుంది.

ఈసారి తప్పు లేకుండా నేర్చుకుంటాను. మా అన్నయ్యను కట్టుకోకముందునుంచీ నా విల్లు బిగించింది నువ్వే. నువ్వు చెబితే వింటాను.

నీ పొట్టి


కళ్ళద్దాల షాపు, వెనక గది
గురువారం
(పోస్టు చెయ్యలేదు)

పొట్టీ,

నీ మోచెయ్యి ఊరికే దిగలేదు. నేను దించాను.

సెలక్షన్లకు ముందురోజు సాయంత్రం నీ బాణాలు డెబ్భై మీటర్లకు అందడం లేదు. బాణం పైకి వెళ్ళాలని విల్లు మీది గురిచూసే సైటును అడుగుదాకా దించేశావు, ఇంక దించడానికి చోటు లేదు. జట్టుకు ముగ్గురి మార్కులూ కలుపుతారు. నువ్వు, నేను, ఆ బ్యాంకు అమ్మాయి. నీ బాణాలు గడ్డిలో పడితే ముగ్గురం ఇంటికే. నువ్వు టీ తాగడానికి వెళ్ళావు. నేను బోల్టులు తిప్పే అలెన్ కీ తీసి నీ విల్లుకు పైన ఉన్న బోల్టు, కింద ఉన్న బోల్టు రెండేసి చుట్లు బిగించాను. లాగడానికి ముప్ఫైనాలుగు పౌండ్ల బలం పట్టే విల్లు ముప్ఫైఏడు దాటింది. నువ్వొచ్చి లాగి, "బరువుగా ఉందేం?" అన్నావు. "కొత్త తాడు కట్టాను, మొదట్లో అలాగే ఉంటుంది" అన్నాను. బాణాలు టార్గెట్ దాటి పైకి వెళ్తుంటే నువ్వు గంతులేశావు. పాత గుర్తులన్నీ తుడిచేసి, సైటు మీద ఒక్కో దూరానికీ ఒకటి చొప్పున ఎర్ర గోళ్ళరంగుతో కొత్త గీతలు పెట్టుకున్నావు.

పోటీల రెండో రోజు నీ భుజంలో నరం తెగింది. "మోచెయ్యి దించి భుజంతో లాగింది, ఎన్నిసార్లు చెప్పాను!" అని కోచ్ గారు అందరిముందూ అరుస్తుంటే నేను నీ పక్కనే ఐసు సంచి పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు చెప్పలేకపోయాను, మర్నాడు చెప్పలేకపోయాను, తర్వాత నీ ఆపరేషన్ వచ్చింది, తర్వాత నా పెళ్ళి వచ్చింది. నువ్వే నా చెయ్యి పట్టుకుని మీ ఇంట్లోకి తీసుకొచ్చావు.

నిన్న మీ అన్నయ్య పనికి వెళ్ళాక విల్లు దించి ఆ రెండు చుట్లూ విప్పేశాను. ఆరేళ్ళకు అదొక్కటి చేయగలిగాను.

కళ్ళజోడు ముక్కుమీంచి జారుతోందని ఎవరో పెద్దాయన వస్తే వెళ్ళి స్క్రూ బిగించి పంపాను. తిరిగొచ్చి ఇది మళ్ళీ చదివాను. ఇది చూశాక నువ్వు నన్ను వదినా అని పిలుస్తావా?

రేపు ఇంకోలా రాస్తాను.


కళ్ళద్దాల షాపు, వెనక గది
శుక్రవారం

పొట్టీ,

నవ్వాను, నవ్వక ఏం చేస్తాను? కట్టుడుపళ్ళు చేసుకు బతికేదానివి, ఆ పళ్ళేవో నూరుకుంటూ కూర్చోవచ్చు కదా. విల్లు పార్సిల్ చేశాను. బూజు దులిపి, అన్నీ సరిచూసి పెట్టాను. తాడు మాత్రం పనికిరాదు, మీ డ్రైవరు గారినడిగి కొత్తది కట్టించుకో. బోల్టుల జోలికి వెళ్ళకు, అవి ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

ఇక అద్దానికి అంటించుకునే మాటలు. కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టు. విల్లు పట్టిన చేతి భుజం చెవి దగ్గరకు ఎక్కకూడదు, ఎవరో దానిమీద చెయ్యివేసి కిందికి నొక్కుతున్నట్టు ఉండాలి. విల్లును పిడికిట్లో బిగించకు, బొటనవేలి మొదట్లో ఆనుకుని ఉంటే చాలు, ఎక్కడికీ పారిపోదు. లాగిన చెయ్యి దవడ ఎముక కింద ఆనాలి, తాడు ముక్కు కొసకు తగలాలి, ప్రతిసారీ అదే చోట. చేత్తో కాదు, వీపుతో లాగు. మోచెయ్యి బాణానికి సూటిగా ఉండాలి. వదిలేశాక విల్లు దించకుండా, బాణం గుచ్చుకున్న చప్పుడు వినబడేదాకా అలాగే నిలబడు.

ఆదివారం రెండువందల బాణాలు వేసి వారమంతా మూలుగుతూ పడుకుంటానంటే కుదరదు. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్ఫై బాణాలు. మొదటి నెల టార్గెట్ కాగితం పెట్టకు. అయిదు మీటర్ల దూరంలో ఉత్త అట్ట చాలు. కన్ను గురి మీద ఉంటే మనసు ఫారం మీద ఉండదు. తర్వాత వేసిన కాగితాలు మడిచి నాకు పంపు, చిల్లులు చూసి చెప్తాను.

నీ మోచెయ్యి గురించి ఎక్కువ ఆలోచించకు.

వదిన


నా గది
ఆదివారం, మైదానం నుంచి వచ్చాక

వదినా,

విల్లు వచ్చింది! పది రోజులైనా రాయడానికి ఇప్పటికి తీరింది. పెట్టె విప్పగానే పాత స్నేహితురాలిని చూసినట్టు ఏడుపొచ్చింది. డ్రైవరు గారు కొత్త తాడు కట్టిచ్చారు. భయంభయంగా లాగాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో తెలుసా? ఆరేళ్ళు నీళ్ళ బకెట్ కూడా కుడిచేత్తో ఎత్తనిదాన్ని, ఇదేమిటి, అప్పటికంటే నేనే బలపడ్డానా? లేక అప్పుడు అంత తప్పుగా లాగేదాన్నా?

మంగళ, గురువారాలు పొద్దున్నే ల్యాబుకు ముందు వెళ్తున్నాను. ఆదివారం ఎండ ఎక్కేదాకా అక్కడే. ఉత్త అట్టకు వెయ్యడం మొదట్లో విసుగ్గా ఉండేది, ఇప్పుడు కళ్ళు మూసుకుని వేస్తున్నా హాయిగా ఉంటోంది. విల్లును బిగించి పట్టుకున్నానని డ్రైవరు గారు నా వేళ్ళు విడదీశారు. "స్టీరింగు గట్టిగా పట్టుకున్నవాడే బండిని పక్కకు లాగేస్తాడమ్మా" అన్నారు.

మొన్న ఒక మేష్టారికి కింది వరస పళ్ళు అమరుస్తూ నాకు తెలియకుండానే మోచెయ్యి పైకెత్తి కూర్చున్నానట. మా ఓనరు చూసి, "పళ్ళు పెడుతున్నావా, ఎగరబోతున్నావా?" అన్నాడు. నీ కాగితం అద్దానికి అంటించాను. అందులో ఆఖరి వాక్యం మాత్రం కత్తిరించేశాను. మోచెయ్యి గురించి ఆలోచించకపోతే ఇంక దేని గురించి ఆలోచించాలి?

నీ పొట్టి


కళ్ళద్దాల షాపు
బుధవారం

పొట్టీ,

సంతోషం. నువ్వే బలపడ్డావు, ఇంకేముంది? ముప్ఫై బాణాలు దాటకు. వేసే ముందూ వేశాక కూడా భుజాన్ని తిప్పు. ఎక్కడైనా లాగితే వెంటనే ఆపు.

షాపులో పని ఎక్కువగా ఉంది.

వదిన


పళ్ళ ల్యాబు, మేడమీద
సోమవారం

వదినా,

ఈ మధ్య నీ ఉత్తరాలు మందుల చీటీల్లా ఉంటున్నాయి. పూటకు ముప్ఫై, భోజనం తర్వాత. అన్నయ్యతో ఏమైనా గొడవా? వాడితో వేగడం కష్టమని నేను ముందే చెప్పాను, నువ్వు వినలేదు.

నెల దాటింది కాబట్టి నిన్న ముప్ఫై మీటర్లకు కాగితం పెట్టాను. సైటు తీసి చూస్తే ముప్ఫై మీటర్లకు పెట్టుకున్న నా ఎర్ర గీత చెక్కుచెదరకుండా ఉంది! సెలక్షన్ల మొదటిరోజు పెట్టుకుని వేసిన గీత. అక్కడికే సైటు జరిపి వేశాను. అన్నీ కిందే పడ్డాయి. నడిమి పసుపు కాదు, దాని చుట్టూ ఉన్న ఎరుపు కాదు, ఆ బయటి నీలంలో, ఆరు గంటల ముల్లు చూపించే వైపు. కాగితం మడిచి ఇందులోనే పెట్టాను, చూడు.

నాకు తెలుసు ఏం జరుగుతోందో. ఆఖరి క్షణంలో చెయ్యి ముందుకు జారిపోతోంది. మళ్ళీ అదే జబ్బు. తేలిగ్గా వచ్చిందని మురిసిపోయాను కదా, పూర్తిగా లాగకపోతే ఎవరికైనా తేలిగ్గానే ఉంటుంది.

నీ పొట్టి


కళ్ళద్దాల షాపు, వెనక గది
గురువారం

పొట్టీ,

నీ కాగితాన్ని షాపులో వెలుతురు పెట్టె మీద పరిచి చూశాను. ఆరు చిల్లులూ అరచేతి కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. ఫారం చెడితే అవి తలోదిక్కుకూ పోతాయి, ఇలా ఒకచోట చేరవు. నీ చెయ్యి జారడం లేదు. నీ మోచెయ్యి దిగడం లేదు. తప్పు సైటుది. ఆ గీత వదిలేసి సైటు కిందికి దించు, విల్లు పైకి లేచి ఇవే బాణాలు పసుపులోకి ఎక్కుతాయి. గోళ్ళరంగు తుడిచేసి కొత్తగా గీసుకో.

నా మాట విను. బతిమాలుతున్నాను.

మీ అన్నయ్యతో గొడవేమీ లేదు. అతను మంచివాడు. మీ ఇంట్లో అందరూ మంచివాళ్ళే, అదే నా బాధ.

వదిన


నా గది
శనివారం

వదినా,

దించను. కోప్పడకు, కానీ దించను.

ఆ రోజు మార్కుల పట్టికలో మొదటి పేరు నాది. గుర్తుందా, నువ్వు నన్ను ఎత్తుకుని తిప్పావు. నా జీవితంలో నేను సరిగ్గా వేసింది ఆ ఒక్కరోజే. మర్నాడే అంతా పాడుచేసుకున్నాను. ఆ గీత ఒక్కటే నా దగ్గర మిగిలింది. దాన్ని తుడిచేస్తే నాకు ఎప్పుడూ రాలేదనే కదా అర్థం? గీతను నా దగ్గరకు దించుకోవడం కాదు, నేనే అక్కడికి ఎక్కాలి.

ఎక్కుతున్నాను కూడా. ఇప్పుడు రోజూ వెళ్తున్నాను, తొంభై బాణాలు. దవడ దాటించి ఇంకో అంగుళం లాగుతున్నాను. నిన్న మూడు ఎరుపులోకి వచ్చాయి.

నీకొక్కదానికే చెబుతున్నాను. భుజం మళ్ళీ లాగుతోంది, ఆ పాత చోటే. పొద్దున జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. డ్రైవరు గారికి చెబితే ఆపేయమంటారని చెప్పలేదు. నెలాఖరున క్లబ్బు పోటీ ఉంది, అందాకా ఓర్చుకుంటాను. నా తప్పును నేనే సరిచేసుకోవాలి కదా.

నీ పొట్టి


కళ్ళద్దాల షాపు, వెనక గది
మంగళవారం

పొట్టీ,

విల్లు కింద పెట్టు. మిగతాది తర్వాత చదువు.

నీ ఉత్తరం చదవగానే రెండుసార్లు ఫోన్ చేశాను. ల్యాబులో మిషన్ల మోతలో నీకు వినబడి ఉండదు. నువ్వు ఎత్తనందుకు నాకు ప్రాణం హాయిగా అనిపించింది. చూడు, నేనెలాంటిదాన్నో. మీ డ్రైవరు గారి నంబరు కనుక్కుని, నీ భుజం సంగతి ఆయనకు చెప్పేశాను. తిట్టుకో.

నీ మొదటి ఉత్తరం వచ్చిన వారంలో రాసి, పోస్టు చెయ్యకుండా కళ్ళజోళ్ళ డబ్బాలో దాచిన కాగితం ఒకటి ఇందులో పెడుతున్నాను. ముందు అది చదివి ఇక్కడికి రా.

చదివావు కదా. ఆ గీత నువ్వు ముప్ఫైఏడు పౌండ్ల విల్లుతో పెట్టుకున్నది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది ముప్ఫైనాలుగు. ఎంత బాగా లాగినా ఈ బాణాలు అక్కడికి ఎక్కవు. ఎక్కించాలని చూస్తే మళ్ళీ భుజమే తెగుతుంది. గుట్టుచప్పుడు కాకుండా రెండు చుట్లూ విప్పి పంపిస్తే నీకు మేలు చేసినట్టే, నేనూ బయటపడినట్టే అనుకున్నాను. నీతో చెప్పకుండా బిగించడం ఒక తప్పయితే, చెప్పకుండా విప్పడం ఇంకో తప్పయింది. సైటు దించమని రాసినప్పుడైనా ఎందుకో రాయాల్సింది. అప్పుడూ నా పరువే చూసుకున్నాను.

నీ ఫారం ఎప్పుడూ బాగానే ఉండేది. మొయ్యలేని బరువు చేతికిస్తే ఎవరి మోచెయ్యి అయినా దిగుతుంది. ఆరేళ్ళు నువ్వు నీ చేతిని తిట్టుకుంటుంటే నేను పక్కన కూర్చుని అయ్యో పాపం అన్నాను. క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మీ అన్నయ్యకు ఈ సాయంత్రమే చెప్తాను.

వదిన


(టార్గెట్ కాగితం వెనక, పెన్సిలుతో)
మైదానం, బెంచీ మీద
ఆదివారం

డ్రైవరు గారు విల్లు తీసుకుని తన గదిలో పెట్టి తాళం వేశారు. మూడు వారాలు ముట్టుకోవద్దన్నారు. నేను ఊరికే వచ్చి కూర్చుంటున్నాను.

ఒక్కటే అడుగుతాను. సెలక్షన్ల మొదటిరోజు సాయంత్రం మన గదికి వచ్చాక, భుజం లాగుతోందని నీతో చెప్పాను. నువ్వు భుజానికి మందు రాశావు. బోల్టులు విప్పాలని నీకు అప్పుడైనా తోచలేదా?

తోచలేదంటే తోచలేదని రాయి. నమ్ముతాను.


కళ్ళద్దాల షాపు, వెనక గది
గురువారం

పొట్టీ,

తోచింది.

మందు రాసి చేతులు కడుక్కున్నాను. నువ్వు మంచం మీద అటు తిరిగి పడుకుని, రేపు ఏ బూట్లు వేసుకోవాలో అడుగుతున్నావు. నేను అలెన్ కీ తీశాను. పై బోల్టులో దూర్చాను కూడా. అప్పుడు బ్యాంకు అమ్మాయి తలుపు తోసుకుని వచ్చి, మన జట్టు రెండో స్థానంలో ఉందని చెప్పింది. మొదటి మూడు జట్లకూ పై పోటీలకు టిక్కెట్టు ఖాయం. రేపు ఒక్కరోజే కదా, ఈ పిల్ల గట్టిది, ఓర్చుకుంటుంది అనుకున్నాను. కీ తీసి పెట్టెలో పెట్టేశాను. "తెల్లబూట్లు వేసుకో" అన్నాను.

తోచలేదని రాయడానికి ఈ వారమంతా కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. నువ్వు నమ్ముతానన్నావు కాబట్టి రాయలేకపోయాను.

మీ అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. నాకది తగిన శాస్తే.

వదిన


నా గది
బుధవారం

వదినా,

తోచలేదని రాసి ఉంటే నిన్ను క్షమించేసేదాన్ని. తెలియక చేసిందిలే అని, ఆ పూటకే. నువ్వు అలా రాయలేదు. ఇప్పుడు క్షమించడం నావల్ల కావడం లేదు. నీ ఉత్తరం చదివి గోడకేసి కొట్టబోయి, కాగితం కదా, కొట్టినా చప్పుడు రాదని మానేశాను.

కానీ ఒకటి చెప్పాలి. అబద్ధం రాసి ఉంటే ఇంకెప్పుడూ నా విల్లు నీ చేతికి ఇచ్చేదాన్ని కాదు. నాకు తెలియకపోయినా సరే, ఎందుకో ఇవ్వబుద్ధి అయ్యేది కాదు.

మూడు వారాలూ అయ్యాయి. నిన్న డ్రైవరు గారు విల్లు ఇచ్చారు. ఎర్ర గీత తుడిచేశాను. సైటు దించి ఆరు బాణాలు వేశాను. నాలుగు పసుపు, రెండు ఎరుపు. బాణాలు పీకడానికి వెళ్ళి టార్గెట్ వెనక నిలబడి ఏడ్చాను. పసుపు వచ్చినందుకు కాదు. ఆ ఆరు బాణాల్లో ఒక్కసారి కూడా నా మోచెయ్యి గుర్తుకు రాలేదు. ఆరేళ్ళు అద్దం ముందు ఈ చేతిని నానా మాటలూ అన్నాను. బస్సులో వస్తూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతుంటే పక్కామె విచిత్రంగా చూసింది.

అన్నయ్య నిన్న వచ్చి వెళ్ళాడు. నీమీద అరవమని వచ్చినట్టున్నాడు. ఇది మా ఇద్దరి మధ్య సంగతి, నువ్వు దూరకు అని పంపేశాను. వాడు ఇంటికొచ్చి అన్నం అడిగితే పెట్టు.

ఈ ఆదివారం పొద్దున రా. నా వెనక నిలబడి ఫారం చూడటానికి కాదు. నీ విల్లు తెచ్చుకో. నువ్వూ ఆరేళ్ళుగా ముట్టుకోలేదని నాకు తెలుసు, అలసిపోయానని, షాపని, పెళ్ళని అందరికీ చెప్పావు, ఎందుకో ఇప్పుడు తెలిసింది. డ్రైవరు గారి దగ్గర నీ పేరు కూడా రాయించాను, మంగళ, గురు, ఆది. బాణాలు వేసే గీత మీద నా పక్కన నిలబడాలి. ముందు నువ్వే వెయ్యాలి.

మొదటి బాణం గడ్డిలో పడుతుంది. పడనీ. నేను చూస్తూ ఉంటాను, ఒక్క మాట కూడా సాయం చెయ్యను. ఆరు బాణాలు అయ్యాక నీతో మాట్లాడతానో లేదో నాకే తెలియదు. అయినా రా.

పొట్టి